పోగొట్టుకున్న ఫోను, పోగొట్టుకోరాని నమ్మకం

 

ఈ నెల మేము ఒక వస్తువును గురించి వ్రాయదలచాము. అది ప్రతి ఇంటా ఉన్నది, ప్రతి చేతిలోనూ ఉన్నది. పోయినప్పుడు తప్ప దాని విలువ మనకు తెలియదు. అదే మన సెల్‌ఫోను. అయితే ఈ వ్యాసం ఫోను గురించి మొదలైనా ఫోనుతో ముగియదు. ఎందుకంటే గత మిరప కోతల కాలంలో మా ఫోను ఒక పూట కనబడకుండా పోయింది. అది తిరిగి దొరికింది. దానితోపాటు పోగొట్టుకున్న మరొక దానిని మాత్రం అంత తేలికగా తిరిగి తెచ్చుకోలేకపోయాము.

ఆ రోజు జుహ్ర్ నమాజు గుంటూరులో చదివి, పిల్లలకు కావలసిన పుస్తకాలు కొని, షేర్ ఆటోలో పెదకాకాని చేరుకున్నాము. నేరుగా మదరసాకు వచ్చి వుజూ చేసి అస్ర్ నమాజు చదివించి పాఠానికి కూర్చున్నాము. మగ్రిబ్ వేళకు జేబు తడుముకుంటే ఫోను లేదు. వుజూ చేసే చోట గోడకు ఒక గూడు ఉన్నది. ప్రతిరోజూ ఫోనును ఆ గూటిలో పెట్టి వుజూ చేయడం మాకు అలవాటు. ఆ రోజు కూడా అక్కడే పెట్టామని మా మనసు గట్టిగా సాక్ష్యం చెప్పింది. రోజూ చేసే పనిని ఆ రోజు కూడా చేశామని నమ్మడం మనిషి బలహీనత. కానీ ఆ సమయంలో మాకు అది బలహీనత అని తోచలేదు, రుజువు అని తోచింది.

మేము వుజూ చేస్తున్నప్పుడు దగ్గరలో ఉన్నది ఒకే ఒక్క పిల్లవాడు. పన్నెండేళ్ళవాడు. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి మిరప కోతలకు వలస వచ్చిన కుటుంబం. తల్లిదండ్రులు పగలంతా చేలో కాయ కోస్తుంటే, పిల్లవాడు ఖాయిదా నేర్చుకోవడానికి మా వద్దకు వస్తున్నాడు. వచ్చి మూడు వారాలు కూడా కాలేదు.

మా నెంబరుకు మరొక ఫోను నుంచి చేసి చూశారు. రింగు వెళుతున్నది, ఎవరూ ఎత్తడం లేదు. "ఫోను ఆపలేదంటే ఇక్కడే ఎక్కడో దాచి ఉంటారు. ఆ పిల్లవాడి సంచి ఒకసారి చూస్తే సరిపోతుంది కదా, ఉస్తాద్!" అన్నారు సాటి ఉపాధ్యాయులు ఒకరు. మేము చూడమని చెప్పలేదు. వద్దని కూడా చెప్పలేదు. పాఠకులారా, మా అపరాధం అక్కడే ఉన్నది. వద్దనవలసిన నోరు మౌనంగా ఉన్నది. పిల్లలందరి ఎదుట ఆ సంచి తెరిచారు. అందులో ఒక ఖాయిదా, ఒక జత బట్టలు, గుడ్డలో కట్టిన రెండు రొట్టెలు ఉన్నాయి. పిల్లవాడు ఏడవలేదు. బట్టలను మళ్ళీ మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

ఇషా తరువాత ఇంటికి వెళ్ళి విషయం చెప్పగానే మా అమ్మాయి, "అబ్బా, ముందు నాకెందుకు చెప్పలేదు?" అని తన ఫోను తెరిచింది. మా ఫోనులోని గూగుల్ ఖాతా తన ఫోనులో కూడా ఉన్నది. ఫైండ్ హబ్ అనే యాప్ తెరవగానే పటం వచ్చింది. మా ఫోను గుంటూరులో, ఒక సందులో ఉన్నట్లు చూపింది. పిల్లవాడు ఆ సాయంత్రమంతా మదరసా గడప దాటలేదు. ఫోను మాతోపాటు పెదకాకానికి రానేలేదా, లేక వచ్చిన ఆటోలోనే తిరిగి వెళ్ళిందా! అప్పుడు గుర్తుకు వచ్చింది. జుహ్ర్ నమాజు కోసం ఫోనును సైలెంటులో పెట్టి, తిరిగి మార్చడం మరిచిపోయాము. అందుకే రింగు వెళుతున్నా ఎవరికీ వినబడలేదు.

అమ్మాయి ఆ యాప్‌లోనే "ఈ ఫోను పోయినది, దయచేసి ఈ నెంబరుకు తెలుపగలరు" అని తెలుగులో వ్రాసి తన నెంబరు జతచేసింది. ఆ మాటలు మా ఫోను తెర మీద కనిపిస్తాయట. ఆ తరువాత మోగించే బొత్తాము నొక్కింది. ఫోను సైలెంటులో ఉన్నా సరే, పూర్తి ధ్వనితో అయిదు నిమిషాలు ఆగకుండా మోగుతుంది. రెండవసారి మోగిస్తుండగా ఫోను వచ్చింది. "సాయిబుగారూ, నేను ఆటో డ్రైవర్ని. ఆటో ఇంటి ముందు పెట్టి అన్నం తింటున్నాను. బండిలో ఏదో మోగుతుంటే వెతికాను. వెనక సీటు సందులో ఇరుక్కుని ఉంది" అన్నాడు. మరునాడు ఉదయం మొదటి ట్రిప్పులోనే తెచ్చి ఇచ్చాడు. బహుమానంగా కొంత డబ్బు ఇవ్వబోతే, కిరాయి మాత్రం తీసుకున్నాడు.

ఇక్కడ పాఠకులు నేర్చుకోవలసిన విషయాలను ఒక క్రమంలో చెబుతాము.

ఫోను కనబడనప్పుడు మొదట చేయవలసినది మరొక ఫోను నుంచి మోగించడం. హజ్రత్ ఆయిషా (రజి) గారి హారం ప్రయాణంలో పోయిన ఉదంతం మనందరికీ తెలుసు. దానిని వెదకడానికి దైవప్రవక్త (స) సైన్యమంతటినీ ఆపారు. నీళ్ళు లేని చోట జనం ఇబ్బంది పడ్డారు, హజ్రత్ అబూబక్ర్ (రజి) కుమార్తెను మందలించారు. ఆ సందర్భంలోనే తయమ్ముమ్ ఆదేశం అవతరించింది. చివరకు ఆమె ఎక్కిన ఒంటెను లేపితే హారం దాని కిందనే ఉన్నది. పోయిన వస్తువు చాలాసార్లు మన ఒంటె కిందనే ఉంటుంది. దిండు కింద, బీరువాలో, ఆటో సీటు సందులో ఉంటుంది. దూరాన ఉన్నవారిని అనుమానించే ముందు దగ్గరగా వెదకాలి.

రెండవది, ఫైండ్ హబ్. దీనిని గూగుల్ సంస్థ 2013లో మరొక పేరుతో ప్రారంభించింది. తరువాత ఫైండ్ మై డివైస్ అని పిలిచి, 2025లో ఫైండ్ హబ్ అని పేరు మార్చింది. ఆపిల్ ఫోన్లకు ఫైండ్ మై అనే యాప్ ఉన్నది. సామ్‌సంగ్ వారికి తమ సొంత యాప్ వేరుగా ఉన్నది. ఇవన్నీ చేసే పనులు ప్రధానంగా నాలుగు. ఫోను ఎక్కడ ఉన్నదో పటంలో చూపడం, మోగించడం, తాళం వేసి తెర మీద సందేశం చూపడం, చివరి మార్గంగా లోపల ఉన్నదంతా తుడిచివేయడం. అయితే సాధారణంగా ఫోను ఆన్‌లో ఉండాలి, లొకేషన్ తెరిచి ఉండాలి, ఇంటర్నెట్ అందుతూ ఉండాలి, ఖాతా అందులో ఉండాలి. వీటిలో ఏది లేకున్నా పటం చివరిసారి కనిపించిన చోటునే చూపవచ్చు. తుడిచివేత విషయంలో తొందర కూడదు. ఫైండ్ హబ్‌తో ఒకసారి తుడిచివేస్తే ఆ తరువాత పటంలో దానిని వెదకలేము. మెమరీ కార్డులో ఉన్నది చెరగకపోవచ్చు కూడా.

పటాన్ని చూసేటప్పుడు ఒక మాట మరువరాదు. పటం మీద చుక్క చుట్టూ ఒక వలయం ఉంటుంది. ఫోను ఆ వలయంలో ఎక్కడైనా ఉండవచ్చు. మాకు కనిపించిన వలయంలో ఒక సందులోని ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉండే మన వీధులలో ఆ చుక్క ఎవరి ఇంటి మీద పడితే వారిని దొంగ అనడం గొప్ప అన్యాయం. యాప్ చూపేది స్థలాన్ని, మనిషిని కాదు. ఫోను దొంగిలించబడిందని తెలిస్తే చుక్కను వెంబడించి ఒంటరిగా వెళ్ళడమూ ప్రమాదమే. ఆ సమాచారాన్ని పోలీసులకు ఇవ్వాలి.

మూడవది, డబ్బు భద్రత. ఈనాడు ఫోనే మన బొక్కసం. ఫోను దొరకదని అనిపించిన వెంటనే సిమ్ము కంపెనీకి చెప్పి సిమ్ము ఆపించాలి, బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించాలి. ఖాతా నుంచి డబ్బు పోతే 1930 నెంబరుకు ఆలస్యం లేకుండా ఫిర్యాదు చేయాలి.

నాలుగవది, ప్రభుత్వ సహాయం. ప్రతి ఫోనుకు పదిహేను అంకెల ఐఎంఈఐ సంఖ్య ఉంటుంది. రెండు సిమ్ముల ఫోనుకు రెండు సంఖ్యలు ఉంటాయి. స్టార్, హాష్, సున్న, ఆరు, హాష్ నొక్కితే అది తెర మీద కనిపిస్తుంది. ఫోను డబ్బా మీద కూడా, చాలా బిల్లుల మీద కూడా ముద్రించి ఉంటుంది. కేంద్ర టెలికాం శాఖ ఈ సంఖ్యల ఆధారంగా సీఈఐఆర్ అనే వ్యవస్థను నెలకొల్పింది. 2019లో కొన్ని రాష్ట్రాలలో ప్రయోగాత్మకంగా మొదలై, 2023 మే నెలలో సంచార్ సాథీ అనే పేరుతో దేశమంతటికీ అందుబాటులోకి వచ్చింది. 2025 జనవరిలో దాని యాప్ కూడా వచ్చింది. సాథీ అంటే తోడు అని మన ఇళ్ళలో వేరే చెప్పనక్కరలేదు.

పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి, దాని నకలు తీసుకుని, అదే నెంబరుతో కొత్త సిమ్ము పొంది, గుర్తింపు కార్డుతో ఆ సైటులో వివరాలు నింపితే, ఆ ఫోను దేశంలోని ఏ కంపెనీ సిమ్ముతోనూ పనిచేయకుండా ఆగిపోతుంది. కొత్త సిమ్ముకు మెసేజీలు రావడానికి ఒక రోజు పట్టవచ్చు, కనుక ఓటీపీ రాలేదని కంగారు పడనక్కరలేదు. ఆపిన ఫోనులో ఎవరైనా సిమ్ము వేస్తే ఆ సమాచారం పోలీసులకు చేరుతుంది. ఆ ఆధారంతోనే రెండు తెలుగు రాష్ట్రాలలోని పోలీసులు పోయిన ఫోన్లను వెదికి తెచ్చి, యజమానులను పిలిచి అప్పగించడం మనం పత్రికలలో చూస్తున్నాము. ఫోను దొరికిన తరువాత అదే సైటులో మళ్ళీ తెరిపించుకోవాలి.

ఇక పాత ఫోను కొనేవారికి ఒక హెచ్చరిక. సగం ధరకే మంచి ఫోను అని సంబరపడి కొనకండి. ఆ ఫోను ఐఎంఈఐ సంఖ్యను కేవైఎం అనే మూడు ఇంగ్లీషు అక్షరాల తరువాత వ్రాసి 14422 నెంబరుకు మెసేజ్ పంపండి. అది నిషేధిత జాబితాలో ఉన్నదని గానీ, అదే సంఖ్య వేరొక ఫోనులో వాడుకలో ఉన్నదని గానీ జవాబు వస్తే ముట్టుకోకండి. ఐఎంఈఐ సంఖ్యను మార్చడం 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం మూడేళ్ళ వరకు జైలు, యాభై లక్షల రూపాయల వరకు జరిమానా పడగల నేరం. చట్టం సంగతి అటుంచి, ఒకరి కన్నీటితో తడిసిన వస్తువు మన ఇంట బర్కతు తేదు.

ఇంతవరకు పోగొట్టుకున్నవారి సంగతి. దొరికినవారి సంగతి ఏమిటి? మన ధర్మశాస్త్రంలో దారిలో దొరికిన వస్తువును లుఖ్తా అంటారు. దానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. హజ్రత్ జైద్ బిన్ ఖాలిద్ జుహనీ (రజి) ఉల్లేఖించిన హదీసు సారాంశం ఇది. దొరికిన సంచి ఎలాంటిదో, దానిని కట్టిన తాడు ఎలాంటిదో గుర్తుంచుకోవాలి, ఒక సంవత్సరం పాటు ప్రకటించాలి, యజమాని వచ్చి ఆనవాలు చెబితే అప్పగించాలి. హజ్రత్ ఉబై బిన్ కఅబ్ (రజి) గారికి నూరు దీనారుల సంచి దొరికినప్పుడు కూడా ప్రకటించమనే ఆదేశం లభించింది. ఎంత వెదికినా యజమాని దొరకకపోతే, స్థితిమంతుడు ఆ వస్తువును యజమాని పేరిట దానం చేయాలని, పేదవాడు తాను వాడుకోవచ్చని, ఆ తరువాత యజమాని వస్తే అతనికి పరిహారం అడిగే హక్కు ఉంటుందని హనఫీ పండితులు వివరించారు.

ఆశ్చర్యమేమంటే మన దేశ చట్టం కూడా ఇదే దారిలో నడిచింది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 403వ సెక్షను, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలోని 314వ సెక్షను ఈ సంగతి చెబుతాయి. దొరికిన వస్తువును యజమానికి చేర్చే ఉద్దేశంతో దగ్గర ఉంచుకుంటే నేరం కాదు. యజమాని ఎవరో తెలిసి కూడా, లేక తెలుసుకోవడానికి తగిన ప్రయత్నం చేయకుండా, తగినంత కాలం వేచి ఉండకుండా సొంతం చేసుకుంటే నేరం. మరి ఈ కాలపు ఫోనుకు యజమానిని కనుక్కోవడం ఎంత పని? సంచికి తాడు ఆనవాలైతే, ఫోనుకు ఐఎంఈఐ ఆనవాలు. ఫోనే గొంతెత్తి పిలుస్తుంటే యజమాని తెలియలేదని ఎవరు చెప్పగలరు?

కనుక దారిలో, బస్సులో, మిర్చి యార్డులో, ఆసుపత్రి వరండాలో ఫోను దొరికితే ఆపివేయకండి, సిమ్ము తీయకండి. వీలైతే ఛార్జింగ్ పెట్టి పిలుపు కోసం వేచి ఉండండి. ఒక రోజు గడిచినా పిలుపు రాకపోతే దగ్గరలోని పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తీసుకోండి. తాళం లేని ఫోనైనా సరే, అందులోని ఫోటోలు చూడకండి. అనుమతి లేకుండా ఒకరి ఇంటిలోకి తొంగిచూడడం ఎంత తప్పో ఇదీ అంతే. ఆ ఫోటోలలో ఉన్నది ఒకరి తల్లి, ఒకరి చెల్లెలు. మరొక మాట. మసీదు లోపల నిలబడి పోయిన వస్తువును గురించి కేకవేయడాన్ని దైవప్రవక్త (స) నివారించారు. అందువల్ల మసీదు మైకును ఇందుకు వాడకుండా ద్వారం బయట, బజారులో, వాట్సాప్ గ్రూపులలో తెలియజేయడం మంచిది. అక్కడ కూడా ఫోను దొరికిందని మాత్రమే చెప్పి, రంగు, పగులు, కవరు వంటి ఆనవాళ్ళను వచ్చినవారినే చెప్పనివ్వాలి.

ఒంటెను కట్టిన తరువాతే అల్లాహ్‌పై భారం వేయాలన్న హితవు మనకు తెలిసినదే. ఈ రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని కొన్ని పనులు చేయండి. ప్రతి ఫోను ఐఎంఈఐ సంఖ్యను కాగితం మీద వ్రాసి రేషను కార్డు, ఆధార్ ఉన్న చోట దాచండి. ప్రతి ఫోనుకు తాళం పెట్టండి. ఫైండ్ హబ్ తెరిచి ఉన్నదో లేదో చూసి, ఒకసారి మోగించి పరీక్షించండి. గూగుల్ ఖాతా పాస్‌వర్డును ఇంట్లో నమ్మకమైన ఒకరు తెలిసి ఉండాలి. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. రెండంచెల భద్రత పెట్టుకున్నవారికి, కొత్త ఫోనులో ఖాతా తెరవబోతే నిర్ధారణ కోసం వచ్చే సంకేతం పోయిన ఫోనుకే వెళుతుంది. బావిలో పడిన బొక్కెనను తీయడానికి ఆ బొక్కెననే తెమ్మన్నట్లు ఉంటుంది పరిస్థితి. అందుకని గూగుల్ ముందుగా ఇచ్చే పది బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద వ్రాసి పెట్టుకోండి.

అయితే ఈ సాధనాన్ని ఒకరినొకరు కనిపెట్టడానికి వాడకండి. భార్య ఎక్కడ ఉన్నదో, కోడలు ఎవరింటికి వెళ్ళిందో చాటుగా పటంలో చూసే అలవాటు కొన్ని ఇళ్ళలో మొదలైందని వింటున్నాము. పోయిన వస్తువును వెదకడం వేరు, మనుషుల గుట్టు వెదకడం వేరు. దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరాలో అతి అనుమానాన్నీ, గూఢచర్యాన్నీ ఒకే ఆయతులో నిషేధించింది. మొదటిది రెండవదానికి తలుపు తీస్తుంది కాబోలు.

ఆ ఆయతును మేము ఎన్ని ఏళ్ళుగా పిల్లలకు బోధిస్తున్నామో లెక్కలేదు. ఫోను తిరిగి వచ్చిన ఉదయం ఆ పిల్లవాడు పాఠానికి రాలేదు. మరునాడూ రాలేదు. మూడవనాడు మేమే వారు దిగిన చోటికి వెళ్ళాము. కల్లంలో ఎండుతున్న కాయల పక్కన పట్టాలతో వేసుకున్న గుడిసె అది. తండ్రి ఎదురు వచ్చి, "సాబ్, మావాడు ఏమన్నా తప్పు చేసినాడా?" అని భయపడుతూ అడిగాడు. పిల్లవాడు ఇంట్లో ఏమీ చెప్పలేదన్నమాట. జరిగినది చెప్పి, తప్పు మాదేనని, మన్నించమని ఇద్దరినీ అడిగాము. తండ్రి కాసేపు ఊరకుండి, "పనికి వచ్చినోళ్ళం సాబ్. సంచి చూపించడం మాకు అలవాటే" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే మాకు కొంత తేలికగా ఉండేది.

దాసుల హక్కుల విషయంలో ఆ దాసుడు మన్నిస్తేనే మన్నింపు అని మనం నమ్ముతాము. సంచి తెరిచింది అందరి ఎదుట కనుక, క్షమాపణ కూడా అందరి ఎదుటే జరగాలని పిల్లవాడిని మదరసాకు రమ్మని బతిమాలాము. వచ్చాడు. పిల్లలందరి ముందు మేము నిలబడి, "మీ ఉస్తాదు తప్పు చేశాడు. ఇతడు నిర్దోషి" అని చెప్పాము. సంచి చూడమన్న ఉపాధ్యాయులు కూడా లేచి అదే మాట చెప్పారు. పిల్లవాడు తలవంచుకుని విన్నాడు. తరువాత ఖాయిదా తెరిచి, ఆగిన పాఠం ఏ పేజీలో ఉన్నదో చూపించాడు.

కోతలు అయిపోయి వారు తమ ఊరికి వెళ్ళేనాటికి ఆ ఖాయిదా పూర్తి అయింది. వెళ్ళే రోజు తన ఊరి పేరు, తండ్రి నెంబరు ఒక కాగితం మీద వ్రాసి ఇచ్చాడు. సంచి మాత్రం మా దగ్గరకు వచ్చిన ప్రతిసారీ గడప బయటనే పెట్టి లోపలికి వచ్చేవాడు. చివరి రోజు వరకు అంతే.

పాఠకులారా! ఫోను పోతే వెదకడానికి పటం ఉన్నది, మోగించడానికి బొత్తాము ఉన్నది, ఆపడానికి ప్రభుత్వ వ్యవస్థ ఉన్నది. అవన్నీ నేర్చుకోండి, వాడుకోండి. అవి వాడేంతవరకు మనిషి మీదికి వేలు చూపకండి. మేము ఆ సాయంత్రం మొదట పటం తెరిచి ఉంటే ఆ సంచి తెరవవలసిన పని ఉండేది కాదు.

అల్లాహ్ మన వస్తువులను, అంతకు మించి మన నాలుకలను కాపాడుగాక. ఆమీన్.